తూర్పు కాలు

నా బతుకంతా కాళ్లు పట్టుకోవడంతోనే సరిపోయిందని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. అందులో అబద్ధం లేదు. కాకపోతే అవి మనుషుల కాళ్లు కావు, క్రేను కాళ్లు. మనుషుల కాళ్లు పట్టుకుంటే పనవుతుందో లేదో ముందే చెప్పలేం. క్రేను కాళ్లు సరిగ్గా పట్టుకుంటే పని అయితీరుతుంది.

మాది నందివెలుగు. బడికీ నాకూ పెద్దగా పడలేదు. ఎక్కాలు పూర్తికాకముందే ఒకరినొకరం వదిలేసుకుని ఇద్దరం సుఖపడ్డాం. నేను తెనాలిలో ఒక లారీ రిపేరు షెడ్డులో చేరాను. అరవైల చివర్లో మా యజమాని గారు ఆ షెడ్డుకు క్రేను తెచ్చారు. యుద్ధం రోజుల్లో సైన్యం వాడి వదిలేసిన లారీ, దాని వీపు మీద చుట్టూ తిరిగే ఇనప గది, గది ముందు పొడుగాటి ఇనప చెయ్యి, చేతి కొసన హుక్కు. జనం ఆ చేతిని తొండం అనేవాళ్లు. ఒక ఊళ్లో పిల్లలు దాని ముందు అరటిపండు పెట్టి కాసేపు ఎదురుచూశారు కూడా. రైసుమిల్లుకు బాయిలరు దించాలన్నా, కాలువలో పడ్డ లారీని పైకి తీయాలన్నా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ తొండమే దిక్కు.

బండికి నాలుగు మూలలా నాలుగు కాళ్లుండేవి. రోడ్డు మీద పోయేటప్పుడు ముడుచుకుని ఉంటాయి. పని దగ్గరికి చేరాక వాటిని పక్కలకు లాగి, చేత్తో మర తిప్పుతుంటే కిందికి దిగి నేలకు ఆనుతాయి. ఇంకా తిప్పితే లారీ టైర్లు గాల్లోకి లేస్తాయి. ఇక బరువంతా ఆ నాలుగు కాళ్ల మీదే. బండి మట్టంగా నిలబడితే బాయిలరును బంతిలా ఎత్తుతుంది. ఒక పక్కకు ఒరిగి ఉంటే మాత్రం ఎత్తిన బరువే బండిని లాక్కుని పోతుంది. అందుకని ఎగుడుదిగుడు నేల మీద ఆ కాళ్లను నిలబెట్టేవాడికి కొంచెం గౌరవం ఉండేది. ఆ గౌరవం పొందినవాణ్ణి నేనే. షెడ్డులో నన్ను కాళ్ల మేస్త్రీ అని పిలిచేవాళ్లు. పెళ్లిసంబంధాలకు పనికిరాని బిరుదు, కానీ పని దగ్గర బాగా చెల్లేది.

డెబ్బైల్లో ఒక వర్షాకాలం పొద్దున షెడ్డు ముందుకు ఒకామె వచ్చింది. చేతిలో ఖాళీ చేపల బుట్ట. చీర మోకాళ్ల దాకా తడిసి బురద కొట్టుకుని ఉంది. రేపల్లె నుంచి రైల్లో వచ్చానంది. వాళ్లది రేపల్లె అవతల, పెద్ద మురుగుకాలువ సముద్రంలో కలిసే వైపు ఊరు. మగవాళ్లు వేటకు పోతారు, ఆమె చేపలు అమ్ముతుంది.

యజమాని గారు నీళ్లిప్పించి, ఏమైందమ్మా అని అడిగారు.

"మా పడవ వంతెన కింద ఇరుక్కుందండి" అంది. "వాయుగుండం పట్టి సముద్రం పొంగి ఉంది గదండి. తెల్లారుజామున పోటుకి తాడు తెగి, నీళ్లు దాన్ని కాలువలోకి తోసుకెళ్లినయ్. ముక్కు వంతెన కిందికి దూరింది. నీళ్లు తీసేసరికి రాళ్ల మీద కూర్చుంది. ఊరంతా పట్టి లాగినా కదల్లేదండి."

"నీళ్లు మళ్లీ వస్తే అదే తేలుద్ది గదమ్మా" అన్నారు యజమాని గారు.

"తేలుద్దండి. తేలితే పైన వంతెన ఉంది. ముక్కు దానికి కొట్టుకుని చీలిపోద్ది. మా ఆయనకీ నా తమ్ముళ్లిద్దరికీ ఆ పడవ ఒక్కటేనండి. పొద్దు వాలేలోగా పోటు నిండుద్ది."

యజమాని గారు గోడ గడియారం వైపు చూడలేదు, మా వైపు చూశారు. మేం అప్పటికే లేచి నిలబడ్డాం.

మేం అంటే నేనూ, మావా. మావ క్రేను ఆపరేటరు. నాకు ఆయన ఏమీ కాడు, పిలుపుకే మావ. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు, కూతురు లేదన్న ధైర్యంతో. బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు మనిషి. తాతముత్తాతలంతా వేటకు పోయినవాళ్లే. ఈయనకు మాత్రం పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. అందుకని చిన్నప్పుడే లారీ ఎక్కాడు. లారీ మీద ఎంత ఊగినా ఆయనకు ఏమీ కాదు.

స్లీపరు దుంగలు ఎక్కించాం. రైలు పట్టాల కింద వేసే చెక్క దుంగలవి, పాతవి. కాళ్ల కింద పేర్చడానికి వాటిని మించింది లేదు. పలుగులు, పారలు, ఇనప తాళ్లు, గోనె సంచులు సర్దుకుని అమృతలూరు మీదుగా బయల్దేరాం. ఆ దారిలో తూములు మా బండి బరువుకు ఆగుతాయని మావకు తెలుసు. ముందు సీట్లో మావ, మధ్యలో నేను, తలుపు పక్కన ఆమె.

మా బండి పరుగు గురించి చెప్పాలంటే, మా వెనక బయల్దేరిన సైకిలువాడు ముందు ఊళ్లో దిగి టీ తాగి మాకు చెయ్యి ఊపేవాడు.

"ఇంకాస్త తోలన్నా" అంది ఆమె.

"తోలతన్నానమ్మా. ఇంతకంటే తోలితే బండి వస్తది, తొండం తెనాల్లో ఉండిపోద్ది" అన్నాడు మావ.

ఆమెను కొంచెం నవ్విద్దామని నేను, "అక్కా, మా మావకి పడవలంటే ప్రాణం. దూరం నించి" అన్నాను.

ఆమె నవ్వలేదు. కాలువల్లో నీళ్లు చూస్తూ కూర్చుంది. నా జోకుకు నవ్వనివాళ్లు ఆ జిల్లాలో తక్కువ. కాబట్టి సంగతి ఎంత పెద్దదో నాకు అర్థమైంది.

ఇక పని గురించి ఆలోచించాను. నేల ఎలా ఉంటుందని ఆమెను అడిగితే, వంతెన దగ్గర కట్ట మీద మట్టిరోడ్డు, కట్టకు రెండు పక్కలా పల్లం, నల్లమట్టి అంది. నల్లరేగడి మాకు కొత్త కాదు. బాపట్ల వైపు పోతే ఇసుక, రేపల్లె వైపు పోతే రేగడి. రెండూ తోడికోడళ్లలాంటివి, ఒకదానికి నచ్చింది రెండోదానికి నచ్చదు. ఇసుక మీద నీళ్లు చల్లి, గోనె సంచులు పరిచి, ఇనప రేకు వేస్తే బండి హాయిగా నిలబడుతుంది. రేగడి మీద నీళ్లు పడితే కాళ్లు జారిపోతాయి. ఇసుక పోసి ఎత్తు చేయొచ్చు. రేగడి పోసి ఎత్తు చేస్తే ఆ ఎత్తు బరువు పడేదాకానే. రేగడిలో ఎప్పుడూ పోయకూడదు, తవ్వాలి. మెత్తటిది తీసేసి, పలుగు దిగనంత గట్టి నేల తగిలేదాకా పోయి, అక్కణ్ణుంచి దుంగలు పేర్చుకుంటూ పైకి రావాలి. ముందుగా పల్లంలో ఉన్న కాలు. అది నిలబడితే మిగతా మూడూ దాని మాట వింటాయి.

మట్టం చూడ్డానికి మాకు మేస్త్రీల రసమట్టం ఒకటుండేది. అది పగిలాక మావ స్టీలు కంచం పెట్టాడు. కంచంలో నీళ్లు పోసి, క్రేను గదిలో తన కాళ్ల దగ్గర పెట్టుకుంటాడు. నీళ్లు ఎటు అంచుకు ఎక్కితే అటు పల్లం. పైనుంచి ఆయన కంచం చూసి ఏ కాలు తిప్పాలో కేకేస్తే, కింద నేను ఆ మర తిప్పేవాణ్ణి. మొదట్లో కుడి కాలు, ఎడమ కాలు అనుకునేవాళ్లం. ఆయన గది చుట్టూ తిరుగుతుంది కదా, ఒకసారి ఆయన కుడి నా కుడి అయ్యేది, ఇంకోసారి నా ఎడమ అయ్యేది. తెనాల్లో ఒక మిల్లు దగ్గర ఆ కుడిఎడమల మీద మేం తిట్టుకున్న తిట్లకు మిల్లు గుమాస్తా చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి దిక్కుల్లోకి మారాం. తూర్పు కాలు, పడమటి కాలు. మా వైపు ఎలాగూ అందరూ దిక్కులే వాడతారు. భోజనాల బంతిలో కూర్చున్నవాణ్ణి కూడా కాస్త ఉత్తరానికి జరగవయ్యా అంటారు. గది ఎన్ని తిరుగుళ్లు తిరిగినా తూర్పు తిరగదు కదా అనుకున్నాం. ఎన్నో ఏళ్లు తెనాల్లో తూర్పు తూర్పుగానే ఉంది. బాపట్లలోనూ ఉంది.

రేపల్లె దాటి కట్ట మీదకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. దూరం నుంచే పడవ కనబడింది. కొత్త చెక్క. వెనకభాగం పైకి లేచి, ముందుభాగం వంతెన పలక కిందికి దూరి, తల దాచుకున్నట్టుంది. దాని పక్కనే కాలువలో ఒక మనిషి నిలబడి పడవ అంచు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆమె భర్త. పొద్దుట్నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదట. నీళ్లు అతని మోకాళ్ల దాకా ఉన్నాయి.

"నీళ్లు తీసే పాటు అయిపోయింది. పోటు మొదలైంది" అంది ఆమె, బండి ఆగకముందే దిగిపోతూ.

ఆ తర్వాత మేమెవరం గడియారం చూడలేదు. ఆ మనిషే మా గడియారం.

మావ బండిని వంతెనకు ఇవతల ఆపాడు. ఆ రోడ్డు ఐమూలగా ఉంది. అంటే బండి నాలుగు మూలలూ నాలుగు దిక్కులకు తిరిగి నిలబడింది, ఎవరో కావాలని పెట్టినట్టు. ఉత్తరపు కాలు, పడమటి కాలు రోడ్డు మీదే పడ్డాయి. తూర్పు కాలు రోడ్డు అంచున. దక్షిణపు కాలు మాత్రం కట్ట వాలులో, పడవ వైపు. ఎత్తేటప్పుడు బరువంతా ఆ కాలి మీదే పడుతుంది.

నేను చెప్పులు విప్పి ఆ వాలు మీద మడమతో తొక్కాను. మడమ దిగిపోయింది. పలుగు వేస్తే పలుగూ దిగింది.

"ఇక్కడ తవ్వాలి" అన్నాను.

అప్పటిదాకా గొడుగు వేసుకుని చూస్తున్న పెద్దాయన ముందుకొచ్చాడు. కట్ట కింద వరి చేను ఆయనది.

"ఏంటోయ్ తవ్వేది? కట్ట తెగితే ఉప్పునీళ్లు నా చేలోకొస్తయ్. మీరు తొండం ఊపుకుంటా తెనాలి పోతారు, నేనేం చెయ్యాలి?"

"చేలో ఉప్పు చేపలు పెంచుకుందువు బాబాయ్" అన్నాను. ఆయన మొహం చూసి వెంటనే, "తవ్వేది మెట్టంతే. పైపైన మెత్తటిది తీసి, దుంగలు వేస్తాను. పనయ్యాక నువ్వు చూస్తుండగా పూడ్చి తొక్కి పోతాను" అన్నాను.

"పూడ్చకపోతే?"

"పూడ్చకపోతే ఆ గుంటలో నన్నే పెట్టి పూడ్చు."

ఆయనకు ఆ ఏర్పాటు నచ్చింది. ఊరివాళ్లు నలుగురు పారలు అందుకున్నారు. కట్ట వాలులో నిమిషాల మీద మెట్టు కొట్టాం. చివరికి పలుగు ఖంగుమంది. దుంగలు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ తక్కువ. మా దుంగలు అయిపోయాయి, ఇంకో వరస కావాలి. చుట్టూ చూస్తే పెద్దాయన చేలోకి దిగడానికి పిల్లకాలువ మీద వేసుకున్న తాటి మొద్దులు కనబడ్డాయి.

"అవి ఇవ్వనుగాక ఇవ్వను" అన్నాడు ఆయన, నేను అడగకముందే.

"నేనడిగానా బాబాయ్?"

"నీ చూపు అడిగింది."

ఆమె ఆయన దగ్గరికి వచ్చింది. కాలువలో భర్త వైపు చూసింది, అంతే. నీళ్లు తొడల దాకా వచ్చాయి. పెద్దాయన గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, "తీసుకోండెహె. చీలికలు రాకుండా చూడండి" అన్నాడు.

నాలుగు కాళ్లూ ఆనాయి. మర తిప్పితే టైర్లు నేలను వదిలాయి. అక్కడిదాకా మేం ఎప్పుడూ చేసేదానికంటే వేగంగా చేశాం. మావ గదిలోకి ఎక్కి కంచంలో నీళ్లు పోసుకున్నాడు.

"అల్లుడూ, తూర్పు కాలు తిప్పు."

తూర్పు కాలు దగ్గరికి పరిగెత్తి మర తిప్పాను.

"ఇంకా తిప్పు."

తిప్పాను.

"ఏంట్రా, తిప్పమంటే నిద్రపోతన్నావా? తూర్పునే పల్లంగా ఉంది. ఇంకా తిప్పు."

నేను బలమంతా పెట్టి తిప్పాను. నేను తిప్పుతున్న మూల లేస్తోంది, నాకు కనబడుతోంది. మరి పల్లం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఇంతలో పడవ వైపున్న దక్షిణపు కాలి కింద దుంగలు కిర్రుమన్నాయి. కట్ట వాలు మీద వెంట్రుకంత బీట పడింది. పైన మావ కాళ్ల దగ్గర కంచం ఒలికి నీళ్లు గది మెట్ల మీదుగా కారాయి.

"ఆపు" అన్నాడు మావ. ఆయన గొంతు అంత నెమ్మదిగా ఎప్పుడూ వినలేదు. దిగొచ్చాడు. "తూర్పు కాలు తిప్పమంటే ఈ కాలు తిప్పుతావేంట్రా?"

"ఇదే కదా తూర్పు."

"ఇది తూర్పా? తూర్పంటే అది" అని పడవ వైపున్న కాలు చూపించాడు.

"మావా, అది దక్షిణం. పొద్దున సూర్యుడు ఎటు పొడిచాడు?"

"సూర్యుడితో నాకేంటి పని? సముద్రం ఎటుంది?"

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్లూ ఆయన తూర్పు అంటే సముద్రం. వాళ్ల ఊళ్లో పుట్టినప్పట్నుంచీ సముద్రం వైపే తూర్పు. బాపట్లలో సముద్రం కొంచెం అటూ ఇటూగా సూర్యుడు పొడిచే వైపే ఉంటుంది, కాబట్టి ఇద్దరి తూర్పులూ కలిసిపోయాయి. తెనాల్లో సముద్రం కనపడదు, వినపడదు. అక్కడ ఆయన కూడా మామూలు మనిషిలాగే సూర్యుణ్ణి నమ్ముకునేవాడు. ఇక్కడ సముద్రం దక్షిణాన ఉంది. ఉప్పుగాలి మొహాన కొట్టేసరికి మావ తూర్పు చుట్టుతిరిగి దక్షిణానికి వచ్చి కూర్చుంది.

సంగతి తెలిసింది కదా, ఇక పని చేసుకోవచ్చు. కానీ మా వైపు మనుషులు అలా చేసుకోరు. ముందు ఎవరిది తప్పో తేలాలి. చేపల ఊరివాళ్లు మావ పక్కన నిలబడ్డారు.

"ఆయన చెప్పిందే నిజం. సముద్రం ఉన్న వైపేగా తూర్పు" అన్నాడు ఒకడు.

పెద్దాయన గొడుగు నేలకేసి పొడిచాడు. "ఏంటి నిజం? మా చేనుకి తూర్పు హద్దు ఆ రోడ్డు అంచు. మా తాత నాటి నించీ అదే తూర్పు. మీ సముద్రం కోసం నా చేను తిరుగుద్దా?"

"మీ చేను ఎంత, సముద్రం ఎంత?"

"సముద్రంలో వరి పండించి చూపించు, అప్పుడు మాట్లాడదాం."

నేనూ తగ్గలేదు. మావ అసలే తగ్గలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరును కాపాడుకున్నట్టు ఆయన తన తూర్పును కాపాడుకుంటున్నాడు. మాట మాట పెరుగుతుంటే కాలువలోంచి ఆమె భర్త ఒక్క మాట అన్నాడు.

"మొలదాకా వచ్చినయ్."

నీళ్లు. అందరం అటు తిరిగాం. పడవ ముక్కుకూ పైన వంతెన పలకకూ మధ్య మనిషి తల పట్టేంత సందుండేది ఇందాక. ఇప్పుడు పిడికిలి పట్టేంత ఉంది.

ఆమె తన చేపల బుట్ట తెచ్చి దక్షిణపు కాలి దగ్గర, మావ తూర్పు కాలి దగ్గర, ఠపీమని బోర్లించింది. "ఇది బుట్ట కాలు" అంది. పెద్దాయన చేతిలో గొడుగు లాక్కుని రోడ్డు అంచు కాలి దగ్గర గుచ్చింది. "ఇది గొడుగు కాలు." ఎవరి చేతిలోనో ఉన్న తెడ్డు తీసుకెళ్లి ఉత్తరం వైపు ఆనించింది. "తెడ్డు కాలు." నాలుగో దానికి చుట్టూ చూసింది. నేను వాలు దగ్గర విప్పిన చెప్పులు కనబడ్డాయి. రెండూ తెచ్చి అక్కడ పడేసింది. "ఇది చెప్పుల కాలు. ఇప్పుడెక్కన్నా. ఎక్కి చెప్పు."

"నా గొడుగు" అన్నాడు పెద్దాయన.

"ఉంటది బాబాయ్, ఎక్కడికీ పోదు."

మావ గదిలోకి ఎక్కాడు. కంచంలో మళ్లీ నీళ్లు పోశాడు.

"అల్లుడూ, గొడుగు కాలు దించు. ఇందాక ఎత్తిందంతా దించు. చాలు. బుట్ట కాలు తిప్పు. ఇంకా. ఇంకా. తెడ్డు కాలు కొంచెం. ఆఁ. బుట్ట కాలు అర చుట్టు. చెప్పుల కాలు ముట్టుకోమాకు."

అలా పరిగెత్తాల్సిన పని నాకు మళ్లీ ఎప్పుడూ పడలేదు. నలుగురు మనుషుల పని ఒక్కణ్ణి చేశాను. బీట పడ్డ చోట ఇంకో రెండు తాటి మొద్దులు అడ్డం కొట్టించాను. చివరికి మావ కంచం వైపు చూసి చెయ్యి అడ్డంగా తిప్పాడు. నీళ్లు అద్దంలా నిలబడ్డాయని దానర్థం.

పడవ వెనకభాగానికి గోనె సంచులు చుట్టి, వాటి మీద ఇనప తాడు వేశాడు ఆమె భర్త. చెక్క నొక్కుకుపోకుండా అతనే సర్ది, అతనే ముడి చూసి, పక్కకు జరిగాడు. నీళ్లు అతని పొట్ట మీదికి వచ్చాయి. తొండం వంగింది. హుక్కు పట్టుకుంది. తాడు బిగుసుకుంది.

నేను బుట్ట కాలి పక్కన మోకాళ్ల మీద కూర్చుని దుంగలు చూస్తున్నాను. బరువు పడగానే దుంగలు ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకున్నాయి. కొంచెం దిగాయి. ఆగాయి. మళ్లీ కొంచెం.

"మావా, దిగుతోంది."

మావ ఎత్తడం ఆపాడు. తాడు అలాగే బిగించి ఉంచాడు, ఎత్తనూ లేదు, వదలనూ లేదు. నీళ్లు చూస్తున్నాడు.

"ఎత్తన్నా" అంది ఆమె.

"ఇప్పుడెత్తితే బరువంతా మా మీద పడుద్దమ్మా. కట్ట ఆగదు. కాసేపు నీళ్లని మొయ్యనీ."

"నీళ్లు పైకొస్తే ముక్కు తగులుద్ది."

"తగిలేలోగా తీస్తా."

పడవ ఎక్కితే కడుపు తిప్పే మనిషి. కానీ ఎంత నీళ్లలో పడవ ఎంత తేలికవుతుందో ఆ మనిషి రక్తంలో ఉంది. పోటు మా కళ్ల ముందే పెరుగుతోంది. పిడికిలి సందు మూడు వేళ్లయింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూసేది దుంగల్నే, చెవులు మాత్రం పైన ఉన్నాయి. దుంగలు దిగడం ఆగింది. బరువు నీళ్లలోకి పోతోంది.

"అల్లుడూ, కాలెట్లా ఉంది?"

"కొండలా ఉంది. కానివ్వు."

సందు రెండు వేళ్లున్నప్పుడు మావ గదిలో లివరు లాగాడు. పడవ వెనకభాగం జానెడు లేచింది, అంతే, ఎక్కువ కాదు. వెంటనే తొండం సముద్రం వైపు తిరిగింది. పడవ రాళ్ల మీద గరగరమని అరుస్తూ వెనక్కి జరిగింది. ముక్కు వంతెన పలక కిందనుంచి బయటికి వచ్చింది. వస్తూ వస్తూ పలక అంచుకు రాసుకుంది. ఆ చప్పుడుకు ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి పడవ మొత్తం ఆకాశం కింద ఉంది. మావ దాన్ని కాలువ మధ్యకు తిప్పి, నీళ్లలో బిడ్డను దించినట్టు దించాడు.

ఆమె తమ్ముళ్లు రెండు తాళ్లతో ఒడ్డు మీద గుంజలకు కట్టేశారు. ఆమె భర్త పడవలోకి ఎక్కాడు. అడుగున చేరిన నీళ్లు డబ్బాతో తోడిపోశాడు. ముందుభాగం దగ్గర వంగి, లోపలి చెక్క వెంట అరచెయ్యి పెట్టి మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. ఆమె ఒడ్డునుంచి అడిగింది.

"కారతందా?"

అతను చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు చూశాడు.

"లేదు" అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు పడవలో. పొద్దుట్నుంచీ నిలబడ్డ మనిషి.

నేను పెద్దాయనకు మాటిచ్చినట్టు గుంట పూడ్చి, పక్కన ఆయన్ని నిలబెట్టుకుని తొక్కాను. ఆయన చూసి, ఇంకా తొక్కమన్నాడు. తొక్కాను. మావ తొండం ముడిచి దిగొచ్చి బీడీ వెలిగించుకున్నాడు. ఆమె మాకిద్దరికీ చెంబుతో నీళ్లిచ్చి, తనూ తాగి, కట్ట మీద కూర్చుంది. సాయంత్రపు ఎండ తగ్గుతుంటే పోటు నిండింది. నీళ్లు వంతెన పలకను అందుకుని టపటపా కొడుతున్నాయి, ఇందాక పడవ ముక్కు ఉన్న చోటే. అందరం అటే చూస్తున్నాం.